పంట కాలువ సరే, మురుగు కాలువ ఏదీ?

2022 మే 24 సాయంత్రం అమలాపురం తగలబడింది. కొత్త జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ మొదలైన గొడవ మంత్రి ఇంటినీ, ఎమ్మెల్యే ఇంటినీ, బస్సులనూ కాల్చేదాకా పోయింది. వెంటనే కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ కట్టేశారు. కరోనా నాటి నుంచి ఇళ్లలో కూర్చుని పనిచేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ పిల్లలకు దిక్కు తోచలేదు. లాప్‌టాప్ సంచి వీపున తగిలించుకుని గోదావరి గట్లెక్కారు. ఏటి అవతలి జిల్లా టవరు సిగ్నల్ ఎక్కడ తగిలితే అక్కడ చతికిలపడ్డారు. యానాం వైపు కొందరు, రావులపాలెం దాటి కొందరు పరుగెత్తారు. మే నెల ఎండలో, చెట్టు నీడన, ఫోను పక్కన పెట్టుకుని కోడు రాసుకుంటున్న వాళ్ల ఫొటోలు పేపర్లలో వచ్చాయి.

ఆ గట్టు మీద కార్డు గీకే యంత్రం లేదు. వెనక నిలబడి చూసే మేనేజరూ లేడు. అయినా వెళ్లారు.

ఏడాదిన్నర తిరక్కుండానే ఆ పిల్లలకే ఒక మాట చెప్పారు: "మీరు ఇళ్ల దగ్గర కూర్చోవడం వల్ల కంపెనీ సంస్కృతి పాడైపోతోంది, పెట్టే బేడా సర్దుకుని రండి." 2023 అక్టోబరు నుంచి టీసీఎస్ వారానికి అయిదు రోజులూ ఆఫీసుకే రమ్మంది. మరుసటి ఏడాది, 85 శాతం హాజరు ఉంటేనే వేరియబుల్ పే పూర్తిగా ఇస్తామంది. 2024 సెప్టెంబరులో అమెజాన్ అధిపతి ఆండీ జెస్సీ కూడా అదే అన్నారు. సంస్కృతిని బలపరచుకోవడానికే 2025 జనవరి నుంచి అయిదు రోజుల ఆఫీసు అని ఉద్యోగులకు ఉత్తరం రాశారు. పెద్దవాళ్లు అన్నాక చిన్న కంపెనీలు ఊరుకుంటాయా? ఇప్పుడిది వేదవాక్కు. ఒకే కప్పు కింద కూర్చుంటే సంస్కృతి పుడుతుంది, ఎవరింట్లో వాళ్లుంటే చచ్చిపోతుంది.

ఈ వేదవాక్కు తప్పు. తప్పు అనడం కూడా మర్యాదే, ఇది చేతకానితనానికి కప్పిన శాలువా. పనిచేసే చోట ఆరోగ్యం అన్నది పైకప్పును బట్టి రాదు. మంచి కిందిదాకా చేరుతోందా, చెడు బయటికి పోయే దారి ఉందా అన్న రెండు సంగతులను బట్టి వస్తుంది. డెల్టాలో పుట్టినవాడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మన చేలు బతికేది పంట కాలువ, మురుగు కాలువ అనే రెండింటి మీదే. ఒకటుండి రెండోది లేకపోతే ఏమవుతుందో ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు రైతునడగండి, చెబుతాడు.

ముందు ఆ కప్పు సంగతి చూద్దాం.

ఒకే చోట కూర్చుంటే నీతీ నియమమూ వాటంతటవే అలవడతాయనేవాళ్లు 2009 జనవరి 7ను గుర్తు చేసుకోవాలి. ఆ రోజు సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో కల్పితాలున్నాయని ఉత్తరం రాసి రాజీనామా చేశారు. మన గోదావరి పక్కవాడే, భీమవరం ప్రాంతం. అప్పటికి ఆ సంస్థలో యాభై వేల మందికి పైగా ఉద్యోగులు. చక్కటి క్యాంపస్‌లు, పచ్చిక బయళ్లు, గోడల మీద విలువల సూక్తులు, దేనికీ లోటు లేదు. అంతకు కొద్ది నెలల ముందే, 2008లో, కార్పొరేట్ పాలన బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు కోర్టు ఆ కేసులో పదిమందిని దోషులుగా తేల్చింది. ఇంటి నుంచి పని అనే మాట మన దగ్గర పెద్దగా వినపడని కాలంలో, ఒకే కప్పు కింద, ఏళ్ల తరబడి అబద్ధం పెరిగింది. ఎదురుబొదురు కుర్చీలు దాన్ని ఆపలేదు. అవార్డు ఇచ్చినవాళ్లు చూసింది పంట కాలువ గట్టు మీద వేసిన రంగునే. మురుగు ఎటు పోతోందో ఎవరూ చూడలేదు.

మన కాలువల సంగతికొస్తే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పుడు కాటన్ దొర పని సగమే అయింది. నీరు నిలబెట్టడం ఒక ఎత్తు, దాన్ని చివరి చేనుదాకా పంపడం మరో ఎత్తు. బొబ్బర్లంక దగ్గర మొదలైన కాలువ లొల్ల లాకుల దగ్గర చీలి అమలాపురం వైపూ గన్నవరం వైపూ సాగుతుంది. మధ్యలో వైనతేయ పాయ అడ్డొస్తే దాని మీదుగా అక్విడెక్టు కట్టి నీటిని రాజోలు వైపు నడిపించారు. అంతా అయ్యాక కూడా ఎగువ రైతు తూము కాస్త ఎక్కువ ఎత్తితే శివారు చేను బీటలు వారుతుంది. అందుకే తూములు చూసుకునే లస్కర్లున్నారు. దాళ్వాలో నీరు చాలకపోతే వంతులు పెడతారు. 1997 చట్టంతో నీటి సంఘాలొచ్చాయి. ఇన్ని ఏర్పాట్లూ ఎందుకంటే దూరంగా ఉన్నవాడికి అన్యాయం జరగడం సహజం కాబట్టి, దాన్ని సరిచేయడం వ్యవస్థ పని కాబట్టి.

శివారు చేనుకు నీరందడం లేదని, ఆ చేనునే ఎత్తుకొచ్చి బొబ్బర్లంకలో పెట్టుకోమని ఏ ఇంజనీరూ ఇంతవరకు అనలేదు. మన కంపెనీలు అంటున్నది అచ్చంగా అదే. మేనేజరు కుర్చీకి దగ్గరగా ఉన్నవాడికి మంచి ప్రాజెక్టు, మంచి రేటింగు వస్తున్నాయి. కొత్తపేటలో కూర్చున్నవాడికి రావడం లేదు. దీనికి కాలువ పూడిక తీయాలి, తూములు సరిచూడాలి. వాళ్లు మాత్రం "నువ్వే ఎగువకు వచ్చి ఉండు" అంటున్నారు. పైగా దానికి సంస్కృతి అని పేరు.

ఇక మురుగు కాలువ సంగతి. మురుగంటే ఫిర్యాదు, తప్పు, అనుమానం, "ఇది జరగదండీ" అనే మాట. అది పోయే దారి మూసుకుపోతే ఏమవుతుందో కోనసీమ కళ్లారా చూసింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపు పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. తడి గ్యాస్ వల్ల లోపల్లోపలే పైపు తుప్పు పట్టిందని విచారణలో తేలింది. గ్యాస్ వాసన వస్తోందని ముందే చెప్పామని, పట్టించుకున్నవాళ్లు లేరని ఊరివాళ్లు ఏడ్చారు. పైపులో గ్యాస్ ఇక్కణ్నుంచి కొండపల్లి దాకా సాఫీగా వెళ్లింది. ఊరి మాట మాత్రం పక్కనున్న అధికారి చెవిదాకా వెళ్లలేదు. వాళ్లూ వీళ్లూ ఉన్నది ఒకే ఊళ్లో. దూరం కిలోమీటర్లలో లేదు. భద్రతా సంస్కృతి అని పెద్ద పెద్ద సంస్థలు గోడల మీద రాసుకునే మాటకు అసలు పరీక్ష, కింద ఉన్నవాడు "వాసన వస్తోందండీ" అన్నప్పుడు పైవాడు లేచి వచ్చాడా లేదా అన్నదే.

2011 సార్వాలో జరిగిందీ అదే కథ. గిట్టుబాటు లేదు, కూలి పెరిగింది, డ్రెయిన్లు పూడిపోయి గుర్రపుడెక్క పట్టి వానొస్తే చేలు మునుగుతున్నాయని కోనసీమ రైతు ఏళ్ల తరబడి చెప్పాడు. వినేవాడు లేకపోతే నాగలి పక్కన పెట్టి పంట విరామం అన్నాడు. వేలాది ఎకరాలు బీడుపడ్డాకే ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. ఉద్యోగి కూడా అంతే. ముందు చెబుతాడు, తర్వాత చెప్పడం మానేస్తాడు, ఆ తర్వాత పని చేస్తున్నట్టు కనిపిస్తాడు, చివరికి వెళ్లిపోతాడు. కంపెనీ నాలుగో మెట్టు దగ్గర మేల్కొని "నిబద్ధత తగ్గిపోయింది, ఇళ్లలో కూర్చోబెట్టడమే తప్పు" అంటుంది.

ఇక్కడ గోదావరి వాళ్ల గుట్టు ఒకటి చెప్పాలి. మనకు "ఆయ్" అనే మాటుంది. ఎంత మర్యాదైన మాటంటే, ఎదుటివాడు ఏమన్నా "ఆయ్" అంటే సరిపోతుంది. మీటింగు గదుల్లో వినిపించేదంతా ఈ "ఆయ్" కిందే లెక్క. శుక్రవారంలోగా అయిపోవాలి, ఆయ్. శనివారం కూడా రావాలి, ఆయ్. కానీ మన దగ్గర ఇంకోటీ ఉంది, వెటకారం. కాలువ గట్టు మీద టీ కొట్టు దగ్గర ప్రెసిడెంటు గారి ముందే ఆయన వేయించిన రోడ్డు మీద వెటకారమాడతారు. ఆయన నవ్వుతాడు, మర్నాడు గుంత పూడుస్తాడు. ఊరికి అది మురుగు కాలువ. ఏ ఆఫీసులో చిన్న ఉద్యోగి పెద్ద సారు ఎదుట ఆ చనువుతో ఒక నిజం చెప్పగలడో అది ఆరోగ్యంగా ఉన్న ఆఫీసు. అది ఒకే అంతస్తులో ఉన్నా, నలభై ఊళ్లలో ఉన్నా ఒకటే.

అవతలి వాదనలో బలమున్న చోట ఒప్పుకోవాలి. "పక్కన కూర్చుంటేనే పని వస్తుంది" అంటారు. నిజమే, కొబ్బరి దింపు నేర్చుకునేవాడు చెట్టు కింద నిలబడి చూడాల్సిందే. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన పిల్లకు మొదటి కొన్ని నెలలు పెద్దవాళ్ల పక్కన కూర్చోవడం ఎంతో మేలు. కానీ ఇప్పుడు జరుగుతున్నదేమిటి? రాజోలు నుంచి వెళ్లిన కుర్రాడు హాస్టల్ గది నుంచి గంటన్నర ట్రాఫిక్‌లో మాదాపూర్ చేరతాడు. అతని లీడ్ పుణేలో, క్లయింటు డల్లాస్‌లో. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని రోజంతా కాల్స్‌లో మాట్లాడి మళ్లీ గంటన్నర వెనక్కి వస్తాడు. పక్క కుర్చీలో ఉన్నవాడు ఇంకో ప్రాజెక్టు. ఎవరి దగ్గర నేర్చుకున్నట్టు? పని నేర్పేది కుర్చీ కాదు, మనిషి. నేర్పడానికి వెచ్చించిన గంటను అప్రైజల్‌లో లెక్కలోకి తీసుకునే కంపెనీలు ఎన్ని? అది లెక్కించకుండా హాజరు లెక్కించడం, బడికి వచ్చాడు కాబట్టి చదువొచ్చేసిందనడమే.

"ఇంట్లో ఉంటే మోసం చేస్తారు" అన్నది రెండో వాదన. 2022లో పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసింది. దొంగ దొంగే, తీసేయడంలో తప్పు లేదు. దాన్ని చూపించి లక్షల మందిని అనుమానించడంలో ఉంది తప్పు. మౌస్ కదులుతోందా లేదా అని చూసే సాఫ్ట్‌వేరు పెడితే ఏమవుతుందో అమెరికాలో తేలింది. 2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు పనిచేస్తున్నట్టు భ్రమ కలిగించారని డజనుకు పైగా ఉద్యోగులను తొలగించింది. కదలికను కొలిస్తే కదలికే దొరుకుతుంది. పని దొరకాలంటే పనిని కొలవాలి. ఆ కొలత తెలియని మేనేజరుకు కుర్చీలో మనిషి కనిపించడం ఒక ఊరట, అంతే.

లెక్కలు కావాలంటే అవీ ఉన్నాయి. చైనాలోని ట్రిప్ డాట్ కామ్‌లో 1,612 మంది మీద స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చేసిన ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్లలో ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. పనితీరులో, ప్రమోషన్లలో తేడా రాలేదు. ఇది పూర్తిగా ఇంటి నుంచే చేసే పని గురించి కాదు, ఆ మాటా చెప్పాలి. కానీ ఇంటి గాలి సోకితే సంస్కృతి మాడిపోతుందనే భయానికి మాత్రం ఇది గట్టి సమాధానం. పూర్తిగా దూరం నుంచే నడిచే సంస్థలూ ఉన్నాయి. ప్రధాన కార్యాలయమే లేని గిట్‌ల్యాబ్ 2021 అక్టోబరులో నాస్‌డాక్‌లో లిస్టయింది. తమ పద్ధతులన్నీ రాసి, ఎవరైనా చదువుకునేలా బయట పెట్టింది. అక్కడ నిర్ణయం ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి క్యాంటీన్‌లో ఎవరి పక్కన కూర్చున్నామన్నది ముఖ్యం కాదు, చదివితే చాలు. రాత అన్నది శివారుకు కూడా ఒకే కొలతతో చేరే నీరు.

మూడో వాదన అన్నిటికన్నా తీపి: "మనమంతా ఒకే కుటుంబం." ఈ మాట కోనసీమలో చెప్పకండి. కువైట్‌లో, మస్కట్‌లో, దోహాలో పనిచేసే తల్లుల సంపాదనతో పెరిగిన పిల్లలు మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఊరూరా ఉన్నారు. ఫోన్లు లేని రోజుల్లో క్యాసెట్టులో గొంతు రికార్డు చేసి, ఊరికి వచ్చేవాళ్ల చేత పంపించిన తల్లులు వాళ్లు. వేల మైళ్ల దూరంలో ఉండి కుటుంబాన్ని కుటుంబంగా నిలబెట్టడం ఎలాగో వాళ్లకు తెలుసు. కుటుంబం అంటే ఏమిటో అంతకన్నా బాగా తెలుసు. కుటుంబం మూడు నెలల ఫలితాలు చూసి కొడుకును తగ్గించుకోదు. 2025 జూలైలో టీసీఎస్ పన్నెండు వేల మందికి పైగా తగ్గించుకుంటామంది. కంపెనీకి ఆ హక్కుంది, వ్యాపారం అది. అలాంటప్పుడు కుటుంబం అనే మాట ఎందుకు? ఆ మాట ఎప్పుడూ త్యాగం అడగడానికే వస్తుంది కాబట్టి. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు వారానికి 70 గంటలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్ గారి 90 గంటల మాట బయటికొచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడంలో నిజాయితీ ఉన్న మంచి ఆసామి, మంచి పాలేరు అనే సంబంధమే గౌరవమైనది. కూలి ఎంతో, పొద్దు ఎప్పుడు గూకుతుందో ఇద్దరికీ తెలియాలి. ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి, పని వేళ దాటాక ఫోను తీయకుండా ఉండే హక్కును చట్టం గుర్తించింది. అదీ పొద్దు గూకడమంటే.

అయితే మనుషులు కలవనే అక్కర్లేదా? కావాలి. ఎలా కలవాలో చూడాలంటే కనుమ నాడు జగ్గన్నతోటకు రండి. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద అక్కడికి చేరతారు. గంగలకుర్రు ప్రభలను పంట చేల మీదుగా, కౌశిక కాలువ నీళ్లలోంచి, వందల మంది భుజాల మీద మోసుకొస్తుంటే చూడ్డానికి రెండు కళ్లు చాలవు. 2023 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ వెళ్లిందీ ఈ ప్రభల తీర్థమే. అక్కడ గుడి లేదు, ఉన్నది కొబ్బరి తోట. సాయంత్రానికి ఎవరి ఊరికి వాళ్లు. మిగతా ఏడాదంతా ఎవరి రుద్రుడు వాళ్ల ఊళ్లోనే. ఆ ఒక్కరోజు కోసం కుర్రాళ్లు నెలల ముందు నుంచీ వెదుళ్లు, రంగు నూలు సమకూర్చుకుంటారు, అమెరికా నుంచి దిగుతారు. రోజూ కలవమని పదకొండు ఊళ్లకూ హాజరు పట్టీ పెట్టి ఉంటే ఈ తీర్థం ఎప్పుడో ఆగిపోయేది. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో, చేతిలో ఒక పని పెట్టి, మనుషుల్ని కలపండి. దాని కోసం వాళ్లే ఎదురుచూస్తారు.

ఇంతసేపూ ఇంటి నుంచి పనిని వెనకేసుకొచ్చాను కాబట్టి, కొబ్బరి తోటలో లాప్‌టాప్ పెట్టుకుంటే స్వర్గమేనని నేనన్నట్టు ఎవరూ అనుకోవద్దు. ఆ ఫొటో కూడా అబద్ధమే. కరెంటు పోతుంది. చుట్టాలొచ్చి "ఇంట్లోనే ఉన్నావుగా" అంటారు. ఆడపిల్లకైతే ఒక చేతిలో మీటింగు, ఇంకో చేతిలో పాలగిన్నె. 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం మహిళలకు ఇంటి నుంచి పనిచేసే అవకాశాలు పెంచుతామంది, మంచిదే. కానీ ఇంట్లో పని తగ్గించకుండా ఇంటికి పని తెచ్చిపెడితే అది మేలు కాదు, రెండో కాడి. రాత్రి పదకొండింటికి మెసేజీ పెట్టి "చూశావా" అని అడిగే సంస్థ, ఉద్యోగిని ఇంట్లో ఉంచినా ఆఫీసులో ఉంచినా ఒకటే. శుక్రవారం సాయంత్రం కెమెరాలు ఆన్ చేసి అంత్యాక్షరి ఆడించినా ఆ మురుగు పోదు.

చేయాల్సినవి పెద్ద పనులేం కావు, ఇబ్బందికరమైన పనులు మాత్రమే. నిర్ణయం ఏదైనా రాసి పెట్టాలి. కిందటి ఏడాది ప్రమోషన్లలో దూరం నుంచి పనిచేసేవాళ్లు ఎందరో లెక్క తీసి అందరికీ చూపించాలి. శివారుకు నీరు చేరిందో లేదో చెప్పేది ఆ అంకె. పని వేళ దాటాక నిశ్శబ్దం పై నుంచి మొదలవ్వాలి. చెడు కబురు ముందు తెచ్చినవాడికి ఆ ఏడాది రేటింగు తగ్గిందా పెరిగిందా అన్నది బోర్డు దాకా వెళ్లాలి. ఇవేవీ చేయకుండా కార్డు గీకే యంత్రం కొనడం తేలిక. అందుకే అందరూ అదే కొంటున్నారు.

మళ్లీ ఆ గట్టు దగ్గరికే వెళ్దాం. నాకు తెలిసిన ఇద్దరు కుర్రాళ్లున్నారు. ఒకే వీధి, వేర్వేరు కంపెనీలు. గొడవ జరిగిన మర్నాడు, వీధుల్లో పోలీసులు తిరుగుతుండగా, ఇద్దరికీ మామూలు ఫోన్లో మేనేజర్ల దగ్గర్నుంచి కాల్స్ వచ్చాయి. ఒకాయన "ఇంట్లో అందరూ బాగున్నారా? బయటికి రాకండి, పని సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. ఇంకొకాయన "ఎన్నింటికి లాగిన్ అవుతావు? కాదంటే సెలవు పెట్టుకో" అన్నాడు. మూడో రోజున ఇద్దరూ ఒకే బైకు మీద గట్టెక్కారు. ఒకే చెట్టు కింద కూర్చున్నారు. ఫొటో తీసి ఉంటే ఇద్దరూ ఒకేలా పడేవారు. హాజరులోనూ తేడా లేదు.

రెండోవాడు ఇప్పుడా కంపెనీలో లేడు. మానేసేటప్పుడు కారణం రాయమని ఒక ఫారం ఇచ్చారట. "వ్యక్తిగతం" అని రాసి వచ్చేశాడు. మురుగు పోయే దారి లేనిచోట ఎవరైనా అదే రాస్తారు.